వరదకు చోటిచ్చిన ఇంజనీరు



సెప్టెంబరు 15న ఇంజనీర్స్ డే. ఆ రోజు అసెంబ్లీలో మీ పిల్లలు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి గురించి స్పీచ్ చెప్తారు. ఆ స్పీచుల్లో పుట్టినరోజు, భారతరత్న తప్పకుండా ఉంటాయి. ఆయన చేసిన పని మాత్రం చాలాసార్లు ఉండదు. అందులో ఒక్కదాని గురించి ఈ నెల మీకు చెప్తాను.

ఆయన ఇప్పటి కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. ఇంటిపేరు మనదే. పూర్వీకుల ఊరు ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం. చిన్న వయసులోనే తండ్రి పోయారు. బెంగళూరులో ట్యూషన్లు చెప్పుకుంటూ బీఏ చదివారు. పుణేలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు.

1908 సెప్టెంబరు 28న హైదరాబాద్‌లో మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి కొందరు ప్రాణాలు దక్కించుకున్నారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే విశ్వేశ్వరయ్య గారు వచ్చారు.

నది పొంగితే గట్లు ఎత్తు చేద్దామని మనకు తోస్తుంది. ఆయన ముందు ఎగువకు చూశారు. ఎంత వాన పడింది, ఆ నీరంతా ఎలా వచ్చింది అని లెక్క తీశారు. ఎగువ పల్లెల్లో రెండొందలకు పైగా చెరువులు తెగి, ఆ నీళ్లన్నీ నగరం మీద పడ్డాయని తేలింది. అందుకే మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరదను అక్కడే పట్టి, నది మోయగలిగినంతే కిందికి వదలాలని 1909లో రిపోర్టు ఇచ్చారు. గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి తాగునీరూ వచ్చింది. అప్పటికే ఆయన మైసూరు దివాన్‌గా కూడా పనిచేసి తప్పుకున్నారు. ఆయన ఆలోచనను వేరేవాళ్లు కట్టి నిలబెట్టారు.

ఈ పాఠం చెప్తుంటే మా సెవెంత్ క్లాస్ పాప ఒకటడిగింది: డ్యామ్ ముందే నిండి ఉంటే వరద ఎక్కడికి పోతుంది మిస్?

అసలు కిటుకు అదే. వరదను ఆపే డ్యామ్‌లో వరద కోసం కొంత చోటు ఖాళీగా ఉంచాలి. ఆ ప్రశ్న ఏ పరీక్షలోనూ రాదు, దానికి మార్కులూ లేవు. కానీ ఆ రోజు క్లాసులో అందరికంటే ఇంజనీరులా ఆలోచించింది ఆ పాపే.

ఈసారి గండిపేట వెళ్తే సెల్ఫీ దిగాక మీ పిల్లల్ని కట్ట దగ్గర ఒక్క నిమిషం ఆపండి. దీన్ని ఇక్కడే ఎందుకు కట్టారో అడగండి. జవాబు వెంటనే చెప్పేయకండి, వాళ్లను ఆలోచించనివ్వండి.