వంటయింట చదివిన విదుషి

కామారెడ్డి నుండి యెల్లారెడ్డికి పోవు బాటలో వానకాలమున ఇరువైపుల మక్కచేలు కనబడును. మక్కగట్క తిని పెరిగినవారికి ఆ పంట అనాదిగా మనదే యనిపించును. కాని దాని పుట్టినిల్లు మెక్సికో. మన పచ్చళ్లలోని మిరపకాయను, పులుసులోని టమాటాను సాగుకు తెచ్చి తీర్చిదిద్దినవారును ఆ దేశపు ప్రాచీన కృషీవలులే. 15వ శతాబ్ది చివర ఐరోపా నావికులు ఆ ఖండమును చేరిన పిమ్మటనే యవి సముద్రములు దాటి మన కడకు వచ్చినవి. పంటలు వచ్చినవి గాని వానిని వండు విధానము వెంట రాలేదు. ఆ వంటశాలలో నిలిచి, ఉడుకుచున్న పాకమును చూచి ప్రకృతి రహస్యములను ప్రశ్నించిన యొక స్త్రీ చరిత్ర మన ఉపాధ్యాయులును విద్యార్థులును తెలిసికొనదగినది. ఆమె సోర్ హువానా ఇనేస్ దె లా క్రూస్. సోర్ అనగా స్పానిషు భాషలో సన్న్యాసినికి గౌరవవాచకము; సోదరి యని యర్థము.

మెక్సికో నాడు స్పెయిను రాజుల యేలుబడిలో నుండెను. రాజధానికి ఆగ్నేయమున, పొపొకాతెపెత్ల్, ఇస్తాక్సివాత్ల్ అను రెండు మంచుకొండల చెంత నెపాంత్లా అను పల్లె కలదు. హువానా అందు జన్మించెను. ఆమె తొలి చరిత్రకారుడు జన్మసంవత్సరము 1651 అని వ్రాసెను. చర్చి దస్త్రములలో దొరికిన యొక బాప్తిస్మపు పద్దునుబట్టి అది 1648 అని పలువురు పండితులు తలచుచున్నారు. తల్లి ఇసబెల్ రామిరెస్‌కు చేవ్రాలు చేయుటయు రాదు. అయినను పెద్ద వ్యవసాయక్షేత్రమును ఒంటిచేత నడిపినది. తండ్రి స్పానిషు జాతీయుడు. ఆయన తల్లిని వివాహమాడలేదు. బాలికను తీర్చినవి తాతగారి యిల్లును, ఆ యింటిలోని పుస్తకములును.

మూడేండ్ల ప్రాయమున ఆమె అక్క వెంట బడికి పోయి, తనకును చదువు చెప్పుమని తల్లి పంపినదని పంతులమ్మతో బొంకెను. పంతులమ్మ నమ్మలేదు, నమ్మకయే నవ్వుచు అక్షరములు దిద్దించెను. తల్లికి తెలియులోపల బిడ్డకు చదువ వచ్చెను. జున్ను తిన్నవారికి బుద్ధి మందగించునని యెవరో చెప్పగా విని, తనకు మిక్కిలి ప్రియమైన జున్నును ఆ పసిది మానివేసెను. ఆరేడేండ్లు వచ్చుసరికి, రాజధానిలో విశ్వవిద్యాలయము కలదని విని, మగవేషము వేసి తన్నక్కడికి పంపుమని తల్లిని వేధించెను. అచట స్త్రీలకు ప్రవేశము లేదు. తల్లి ఒప్పుకొనలేదు. అప్పుడామె తాతగారి గ్రంథములపై బడెను; తిట్టినను కొట్టినను విడువలేదు.

తరువాత రాజధానిలో బంధువుల యింట నుండి లాటిను నేర్చెను. గురువు చెప్పిన పాఠములు ఇరువదికి మించలేదు. తన మందబుద్ధికి తానే శిక్ష విధించుకొనుట ఆమె పద్ధతి. జుట్టు నాలుగారు వ్రేళ్ల మేర కత్తిరించుకొని, అది తిరిగి పెరుగులోపల ఫలానా విషయము రావలెనని గడువు పెట్టుకొనెడిది. జుట్టు పెరిగినది, విషయము రాలేదు. అయినచో మరల కత్తిరింపవలసినదే. జ్ఞానశూన్యమైన తలకు కేశాలంకార మెందుకని ఆమె తర్కము. మన బడిపిల్లలకు ఈ గడువు చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

1664 ప్రాంతమున ఆమె రాజప్రతినిధి భార్యకు చెలికత్తెగా నగరులో ప్రవేశించెను. రాజప్రతినిధి నలువదిమంది పండితులను రావించి ఆమెను ప్రశ్నింపజేసెననియు, ఆమె అందరికిని సమాధానము చెప్పెననియు ప్రతీతి. కాని కట్నము లేని, తండ్రి పేరు లేని కన్యకు ఆ కాలమున రెండే దారులు: పెండ్లి, మఠము. పెండ్లియం దామెకు రుచి లేదు. 1667లో కఠిననియమములు గల యొక మఠములో చేరి మూడు నెలలకే వెలువడెను. పిమ్మట సాన్ హెరోనిమో మఠమున ప్రవేశించి 1669 ఫిబ్రవరి 24న దీక్ష గైకొనెను. భక్తిచేత మాత్రమే కాక, చదువుకొనుటకు వీలుండునను ఆశచేతను ఈ దారి త్రొక్కితినని ఆమెయే నిస్సంకోచముగా వ్రాసినది.

ఇట్టి స్త్రీ కనబడగానే మొల్లతో పోల్చుట మన వ్యాసకర్తల కాచారము. ఆ పోలిక ఇక్కడ అంతగా పొసగదు. మొల్లను గూర్చి మనకు నిశ్చయముగా తెలిసినది బహుస్వల్పము. హువానా తన చదువు కథను తానే వ్రాసిపెట్టినది.

సాన్ హెరోనిమో మఠమన ముక్కు మూసికొని కూర్చుండు ఆశ్రమము కాదు. ఒక్కొక్క సన్న్యాసిని నివాసము ఒక చిన్న యిల్లు వంటిది. అందు వంటగదియు, పరిచారికలకు చోటును ఉండెడివి. హువానా గదిలో గ్రంథములు, సంగీతవాద్యములు, శాస్త్రపరికరములు నిండియుండెను. మఠపు జమాఖర్చులు వ్రాయు బాధ్యతయు ఆమెదే. ఒక్క సంగతి దాచరాదు: ఆమెకు సేవచేయుటకు తల్లి యొక బానిస స్త్రీని ఇచ్చెను, 1684లో ఆ స్త్రీని హువానా తన సోదరికి విక్రయించెను. జ్ఞానస్వాతంత్ర్యమునకై అంగలార్చిన యామె యింట పిండి విసరిన చేతులకు స్వాతంత్ర్యము లేకుండెను.

ఆ వంటగదులలో నేమి వండెడివారు? మెక్సికో వంటకు ప్రాణము సన్నసెగ. ముందుగా మక్కలను సున్నపుతేటలో కొంతసేపు ఉడికించి, దింపి, రాత్రియంతయు అట్లే నాననిత్తురు. తెల్లవారి పొట్టు కడిగివైచి, మన సన్నికల్లు వంటి వాలురాతిపై నూరుదురు. ఆ ముద్దతో రొట్టెలు కాల్చుదురు. లేక మక్కపొత్తి పొరలలో చుట్టి ఆవిరిపై ఉడికింతురు. ఈ సున్నము రుచికొరకు మాత్రమే కాదు. మక్కలలో బిగుసుకొనియుండు నియాసిన్ అను విటమినును అది విడిపించి దేహమునకు అందించును. సున్నపువంట నేర్వక మక్కలను మాత్రమే తెచ్చుకొని, వానిపైననే బ్రదికిన ఇటలీ, స్పెయిను, అమెరికా దక్షిణరాష్ట్రముల పేదలు పెల్లాగ్రా యను చర్మవ్యాధితో కృశించిరి. అదే వ్యాధి మన తెలంగాణమున జొన్నలు తిను పేదలలోను కనబడగా, హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు గోపాలన్ ప్రభృతులు 1960 ప్రాంతమున దానిని పరిశోధించిరి. పంటతోపాటు వంటను గూడ అడిగి తెచ్చుకొనుట మేలని దీనివలన తెలియుచున్నది.

ఇక కూర. మిరపకాయలు వేయించి నానబెట్టి, వేయించిన ధనియాలు, వెల్లుల్లి, లవంగములు, దాల్చినచెక్కతో మెత్తగా నూరి, కొవ్వులో వేచి, మాంసము చేర్చి మట్టిపాత్రలో గంటలకొలది మగ్గనిత్తురు. దీనికి క్లెమోలె యని పేరు. చదువుచుండగనే మన యింటి మసాలా వాసన వచ్చుచున్నది కదా! ఇందు వింత లేదు. మిరప అటనుండి ఇటు వచ్చినది. దాల్చిన, లవంగములు తూర్పుదీవులనుండి మనీలా ఓడలలో అటు పోయినవి. 1962 మొదలు 1968 వరకు మన దేశమున మెక్సికో రాయబారిగా నుండిన మహాకవి ఒక్తావియో పాస్ కూడ, తమ మోలెకును మన కూరకును గల చుట్టరికమును తలచి ఆశ్చర్యపడెను. ఈ వంటకు మన యింట కొత్త సాధనము లక్కరలేదు. పిడకల దాలిపై పాలు ఎఱ్ఱబడువరకు కాచిన జాతికి సన్నసెగ యననేమో యెవరు చెప్పవలెను? మట్టికుండయు, ఓపికయు చాలును. ఒక్కటే జాగ్రత్త: రాజ్మా వంటి చిక్కుడుగింజలు వండునప్పుడు నానిన నీటిని పారబోసి, పది నిమిషములైన కుతకుత మరుగనిచ్చి, ఆ తరువాతనే సెగ తగ్గింపవలెను. మొదటినుండి సన్నసెగపైననే యుంచినచో వానిలోని విషాంశము నశింపదు.

ఇప్పుడు అసలు ఘట్టము. ఒకానొకప్పుడు మఠాధికారిణి చదువు పాపహేతువని భయపడి, పుస్తకము ముట్టరాదని హువానాకు ఆజ్ఞ యిచ్చెను. ఆమె యధికారము సుమారు మూడు నెలలు సాగెను. హువానా ఆజ్ఞను పాటించెను, పుస్తకము ముట్టలేదు. కాని కన్నులను మూయుమని యెవరును చెప్పలేదు. బొంగరము తిరుగునప్పుడు నేలపై పిండి చల్లించి, అది గీయు గీత వలయము కాదు, చుట్టలు చుట్టలుగా పోవు రేఖ యని కనుగొనెను. పొడవైన శాలలో గోడలు దూరమున ఒకదానివైపొకటి ఒరగినట్లు తోచుట యేలయని ఆలోచించెను. వంటయింటికి పోగా అచట ఇంకను మిక్కుటముగా పాఠములు దొరకినవి. గ్రుడ్డు కాగిన నేతిలో ఒక్కటిగా గట్టిపడును. అదే గ్రుడ్డు చక్కెరపాకములో ముక్కలగును. ఒకే గ్రుడ్డులోని తెలుపును పచ్చసొనయు పంచదారతో వేరువేరుగా చక్కగా కలియును గాని రెండును కలిసి యొదుగవు. క్విన్స్ అను పుల్లనిపండు గాని, మరొక పులుపుపండు గాని నానిన నీరు ఇసుమంత చేర్చినచో పాకము గట్టిపడక జారుగానే నిలుచును.

ఈ కడపటి మాటను కామారెడ్డి ప్రాంతమున బెల్లము వండువారు వినిన తల యూపుదురు. చెరకురసమున పులుపు హెచ్చినచో బెల్లపుముద్ద గట్టిపడదు. అందుకే కాగుచున్న రసములో సున్నము వేసి పులుపును విరుతురు. ఇంట లడ్డుపాకము గడ్డకట్టకుండ నిమ్మచెక్క పిండు గృహిణి చేయునది దానికి సరిగా విపర్యయము. పులుపు తగిలినపుడు చక్కెర రెండు వేరు చక్కెరలుగా విడిపోవును. అవి స్ఫటికములు కట్టుటకు అడ్డుపడును. ఈ కారణమును రసాయనశాస్త్రము చెప్పినది 19వ శతాబ్దిలో. హువానాకు కారణము తెలియదు. కాని కారణమొకటి యుండితీరవలెనని తెలియును. శాస్త్రమునకు మొదటిమెట్టు అదియే. అరిస్టాటిలు వంట చేసియుండినచో ఇంకను ఎక్కువ గ్రంథములు వ్రాసియుండెడివాడని ఆమె చమత్కరించెను. ఆ చమత్కారము నేడు లోకప్రసిద్ధము.

దానివలన నొక అపోహయు పుట్టినది. హువానా గొప్ప వంటలక్క యని, వంటయిల్లే స్త్రీకి విశ్వవిద్యాలయమని ఆమె బోధించెనని కొందరు వ్రాయుదురు. నేనిందుకు సమ్మతింపను. ఆమె వంటయింటికి పోయినది పుస్తకములు మూయబడుటచేత. బండరాళ్ల నడుమ బంధించినను ఆమె ఆ రాళ్లను చదివియుండెడిది. ఆ మఠమునుండి వచ్చిన వంటల వ్రాతప్రతి యొకటి 1979లో ఆమె పేర అచ్చుపడినది. అందు క్లెమోలె, మాంచామాంతెలెస్ అను మరకలకూర, మక్కపిండి వంటలు, పెక్కు మిఠాయిలు కలవు. కాని ఆ ప్రతి ఆమె తరువాతి కాలపు నకలు. అవి ఆమె యేర్చి కూర్చినవే యనుటకు గట్టి సాక్ష్యము లేదు. ఆమె నిజమైన వంట కవిత్వము. 1689లో మద్రిదు నగరమున తొలి కావ్యసంపుటము వెలువడెను. నిద్రించు దేహమును వీడి విశ్వమును గ్రహింపబూను మనస్సును వర్ణించు స్వప్నకావ్యము 975 పంక్తులు. అందును ఆమె జీర్ణాశయమును దేహపు వంటశాలగా భావించుట గమనింపదగినది.

1690లో ఒక ప్రసిద్ధ బోధకుని ఉపన్యాసమును విమర్శించుచు ఆమె వ్రాసినదానిని ప్వేబ్లా బిషప్పు అచ్చొత్తించి, తాను స్త్రీపేరు ధరించి, లౌకికవిద్యలు చాలించుమని హెచ్చరిక జోడించెను. దానికి 1691 మార్చి 1న ఆమె వ్రాసిన ప్రత్యుత్తరమే పైని చెప్పిన బాల్యకథలకును వంటయింటి పరీక్షలకును ఆకరము. స్త్రీకి చదువుటకును, బోధించుటకును హక్కు కలదని అందు శాస్త్రప్రమాణములతో వాదించెను. వాదము గెలిచినది, కాలము గెలువనీయలేదు. 1691లో అతివృష్టి వలన పైరులు చెడి, మక్కలు దొరకక, 1692 జూన్ 8న రాజధాని ప్రజలు తిరుగబడి రాజప్రతినిధి భవనమునకు నిప్పు పెట్టిరి. భయగ్రస్తమైన ఆ నగరమున ఆమెకు అండగా నుండిన ప్రభువులు దూరమైరి. ఆర్చిబిషప్పు ఆమె చదువు కనుకూలుడు కాడు. ఆమె గ్రంథములను, పరికరములను వదులుకొనెను. అవి అమ్మి పేదలకు పంచిరి. 1694లో తన రక్తముతో చేవ్రాలు చేసి ప్రతిజ్ఞలను నూతనము చేసికొనెను. మనసు మారియా, బలవంతముననా యను చర్చ నేటికిని తెగలేదు. 1695లో మఠమున మహమ్మారి చొరబడగా, రోగులైన సోదరీమణులకు పరిచర్య చేయుచు ఏప్రిల్ 17న ఆమెయు మరణించెను. ప్రత్యుత్తరము 1700 వరకు అచ్చుకు రాలేదు.

నేడు ఆమె చిత్రము మెక్సికో దేశపు నూరు పెసోల నోటుపై నున్నది. ఆమె నివసించిన సాన్ హెరోనిమో మఠము ఆమె పేరిట విశ్వవిద్యాలయమైనది. అందు సాహిత్యముతోపాటు పాకశాస్త్రమును గూడ పట్టపరీక్షకు బోధించుచున్నారు.