నీలిరంగు చెప్పిన నిజం

మానవ శరీరంలోని రక్తం, మూత్రం వంటి ద్రవాలు ఆరోగ్య స్థితిని తెలిపే సాక్షులు. ఆ సాక్ష్యాన్ని గ్రహించాలంటే నమ్మదగిన కొలత కావాలి. అటువంటి కొలతను వైద్యలోకానికి అందించిన మహనీయులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో వెంకమ్మ, జగన్నాథం దంపతులకు జన్మించారు. బాల్యం పేదరికంలో గడిచింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు విఫలమై, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి కారణమైంది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. స్ప్రూ అనే వ్యాధి కొద్ది రోజుల వ్యవధిలో ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. రోగాల మూలాన్ని కనుగొనాలన్న సంకల్పం ఆయనలో దృఢపడింది.

తరువాత సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకొన్నారు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. జీవిక కోసం రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరిచారు. లోకం ఏవగించుకొనే ఆ ద్రవాలే తరువాత ఆయన పరిశోధనకు వస్తువులయ్యాయి.

జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన శరీర ద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. రక్తంలో భాస్వరం పరిమాణం మూత్రపిండాల జబ్బులో పెరుగుతుంది; రికెట్స్ వ్యాధిలో తరచుగా తగ్గుతుంది. అంతకుముందున్న పద్ధతులలో రంగు నిలకడగా ఉండక ఫలితాలు తారుమారయ్యేవి. కొత్త పద్ధతిలో మొదట రక్తం నుండి మాంసకృత్తులను తొలగిస్తారు. మిగిలిన ద్రావణానికి ఆమ్లం, మాలిబ్డేటు చేర్చి, క్షయకరణం జరిపితే నీలిరంగు ఏర్పడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే రంగు అంత గాఢం. 1925లో ప్రకటితమైన ఈ విధానం ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొందింది.

కండరాల రసాన్ని పరీక్షించినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, క్రమక్రమంగా చిక్కబడసాగింది. మరొకరైతే దానిని పరీక్షలోని లోపమని తోసిపుచ్చేవారేమో! సుబ్బారావు, ఫిస్కే మాత్రం ఆ ఆలస్యానికి కారణం వెదికారు. సులభంగా విడిపోయే ఒక భాస్వర సమ్మేళనం కండరంలో ఉన్నదని గ్రహించారు. అదే 1927లో వారు వెల్లడించిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో వారు జీవకణానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ సైతం దానిని కనుగొన్నారు.

ఇంతటి కృషి చేసినా హార్వర్డులో ఆయనకు శాశ్వత పదవి లభించలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకు అది తోడ్పడింది. బోదకాలుకు మందైన హెట్రజాన్ కూడా ఆ బృందం కృషి ఫలమే. 1948 ఆగస్టులో, తన యాభై నాలుగవ ఏట, మాతృభూమిని తిరిగి చూడకుండానే సుబ్బారావు కన్నుమూశారు.

నేడు తిరుపతి మొదలుకొని ఎన్నో పట్టణాల ఆసుపత్రులలో రక్తంలోని భాస్వరాన్ని యంత్రాలు నిమిషాలలో కొలుస్తున్నాయి. వాటిలో పెక్కింటికి మాలిబ్డేటు చర్యయే ఆధారం. రంగుకు బదులుగా విద్యుత్ ప్రవాహాన్ని కొలిచి భాస్వరాన్ని పసిగట్టే విద్యుత్ రసాయన సాధనాలను కూడా శాస్త్రవేత్తలు ఆ చర్య ఆధారంగానే రూపొందించారు. సాధనాలు మారినా సుబ్బారావు జీవితం బోధించే పాఠం మారలేదు. అనుకొన్న ఫలితం రానప్పుడు కొలతను కాదనక, దాని వెనుక దాగిన కారణాన్ని ఓపికతో వెదకడమే నిజమైన శాస్త్రదృష్టి.