నింగికి కెమెరా ఎత్తిన లారెన్స్

పెళ్లయినా, తిరునాళ్లయినా నేడు జనం తలలపై ఓ డ్రోన్ తిరగాల్సిందే. విమానమే పుట్టని రోజుల్లో అదే పనికి ప్రాణాలను పణంగా పెట్టిన ఛాయాగ్రాహకుడు అమెరికాకు చెందిన జార్జ్ ఆర్. లారెన్స్.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని పల్లెసీమలో పెరిగిన ఆయన తొలుత బండ్ల కర్మాగారంలో పనిచేశారు. చక్రాలకు ఇనుప పట్టాలు బిగించడానికి కొత్త పద్ధతిని అక్కడే కనిపెట్టారు. 1890లో చికాగో చేరి, అనంతరం స్టూడియో తెరిచారు. ఎవరికీ సాధ్యం కాదన్న చిత్రాలకు ఆయన చిరునామాగా మారారు.

1900లో చికాగో అండ్ ఆల్టన్ రైల్వే సంస్థ తన కొత్త రైలు మొత్తాన్ని ఒకే చిత్రంలో చూపదలచింది. ముక్కలుగా తీసి అతికిద్దామని లారెన్స్ తొలుత ప్రతిపాదించారు. అతుకులుంటే రైలు ఉన్నదున్నట్లు కనిపించదని సంస్థ ససేమిరా అంది. దీంతో ఆయన 8 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు గల గాజు పలక పట్టే కెమెరానే చేయించారు. పలకతో కలిపి దాని బరువు దాదాపు 640 కిలోలు. ఖర్చు 5 వేల డాలర్లు. నడపడానికి 15 మంది కావలసి వచ్చింది. పలకపై దుమ్ము తుడవడానికి మనిషి ఏకంగా కెమెరాలోకే దిగేవాడు. రెండున్నర నిమిషాలు వెలుతురు సోకనిచ్చి రైలును బంధించారు. పారిస్ ప్రదర్శనకు పంపితే అంత పెద్ద చిత్రం ఉంటుందని అక్కడివారు నమ్మలేదు. న్యూయార్క్‌లోని ఫ్రెంచి రాయబార అధికారి చికాగో వచ్చి, కెమెరాను కళ్లారా చూశాకే సందేహం తీరింది. బహుమతీ దక్కింది.

విశాలమైన దృశ్యం ఒకేసారి కనబడాలంటే పైకి ఎక్కక తప్పదు. లారెన్స్ బెలూన్ ఎక్కారు. 1901లో బెలూన్ నుంచి తొట్టి ఊడి, 200 అడుగులకు పైగా ఎత్తు నుంచి ఆయన నేలకు జారారు. దారిలో టెలిఫోన్, టెలిగ్రాఫ్ తీగలు అడ్డుపడటంతో చిన్న గాయమైనా లేకుండా బయటపడ్డారు. తీగలు లేకుంటే కథ అక్కడితో సరి. మరొకరైతే కెమెరాను అటకెక్కించేవారు. ఆయన మాత్రం మనిషి కిందే ఉండి, కెమెరా ఒక్కటే పైకెళ్లే ఉపాయం వెదికారు. వరుసగా కట్టిన గాలిపటాలకు 22 కిలోల కెమెరాను వేలాడదీశారు. ఊగకుండా పొడవాటి కర్రలు, పట్టుదారాలు, సీసపు గుండు అమర్చారు. తాడు వెంట సాగిన తీగలో విద్యుత్తు పంపితే షట్టర్ తెరుచుకునేది.

1906 ఏప్రిల్ 18న భూకంపం, వెనువెంటనే చెలరేగిన మంటలు శాన్‌ఫ్రాన్సిస్కోను బుగ్గి చేశాయి. 28 వేలకు పైగా కట్టడాలు నాశనమయ్యాయి. ఆరు వారాల్లోపే లారెన్స్ అక్కడికి చేరి, 17 గాలిపటాలతో సముద్రపు ఖాతం మీదుగా 2 వేల అడుగుల ఎత్తుకు కెమెరాను పంపారు. ఓక్లండ్ ఒడ్డున రైలు దిగినవారు పడవల్లో చేరుకునే ఫెర్రీ భవనం ఆ చిత్రంలో గోపురంతో సహా నిలిచే ఉంది. దాని వెనుక మార్కెట్ వీధి తిన్నగా సాగిపోతుంది. ఇరువైపులా మొండిగోడలే. నష్టం ఎంతో పత్రికల్లో చదివిన జనం దాని విస్తీర్ణాన్ని ఒక్కచూపులో గ్రహించారు. ఒక్కో ప్రతి 125 డాలర్లు పలికింది. మొత్తం 15 వేల డాలర్లు వచ్చాయి.

తదుపరి ఆయన మనసు విమానాల తయారీ వైపు మళ్లింది. 1938 డిసెంబరులో చికాగోలో కన్నుమూశారు. గాలిపటాలు తీసిన ఆ నగర చిత్రం ప్రతి వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉంది.