ఉరిశిక్షలకు ఎదురు నిలిచిన వకీలు – డెనిస్ నోవెల్ ప్రిట్

న్యాయవాది గొప్పతనాన్ని అతడు గెలిచిన వ్యాజ్యాల సంఖ్యతో కొలవడం లోకరీతి. ఆ కొలమానము ఎంత అసమగ్రమో తెలుసుకోవాలంటే డెనిస్ నోవెల్ ప్రిట్ జీవితాన్ని పరిశీలించాలి. ఆయన పేరుపడ్డ వ్యాజ్యాలలో పెక్కు ఓడిపోయినవే. అయినను ఆయన వాదించిన మనుషులలో కొందరు దేశాధినేతలయ్యారు. మరికొందరు మన తెలంగాణ పల్లెలకు ప్రాణాలతో తిరిగి వచ్చారు. ఈ రెండవ సంగతి మన విద్యార్థులకు అంతగా తెలియదు. కనుకనే ఈ వ్యాసరచనకు మేము పూనుకొన్నాము.

ప్రిట్ 1887 సెప్టెంబరు 22న ఇంగ్లండులో జన్మించాడు. వించెస్టరు పాఠశాలలో చదివి, 1909లో బారిస్టరై, 1927లో రాజన్యాయవాది హోదా పొందాడు. సంపన్నుల వ్యాజ్యాలు వాదిస్తూ సుఖంగా బ్రతుకగల మార్గం ఆయన ముందున్నది. ఆయన మాత్రం పాలకులు శత్రువులుగా ఎంచిన వారి పక్షాన నిలిచాడు. 1931లో భగత్ సింగు తరఫున ప్రీవీ కౌన్సిలులో వాదించి విఫలుడయ్యాడు. హాంగ్‌కాంగులో నిర్బంధింపబడిన హో చి మిన్ వ్యాజ్యం 1932లో రాజీతో ముగియగా, ఆ విప్లవకారుడు ఫ్రెంచివారి చేతికి చిక్కకుండా బయటపడ్డాడు. 1935 మొదలు 1950 వరకు ప్రిట్ బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. నాడు నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ తాలూకాలో న్యాయస్థానమంటే ఏమిటో షేక్ బందగీ కథ చెబుతుంది. కామారెడ్డిగూడెం రైతు బందగీ తన భూమి కోసం విసునూరు దేశముఖు అండగల వారితో అదాలతులో పోరాడి గెలిచాడు. గెలిచినందుకే 1940ల ఆరంభంలో హత్యకు గురయ్యాడు. తీర్పు కాగితం మీద ఉన్నది. దానిని నిలబెట్టే శక్తి ఊరిలో లేదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగిన తరువాత రైతుల పోరాటం సాయుధరూపం దాల్చి, మానుకోట, ములుగు ప్రాంతాల అడవుల దాకా వ్యాపించింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అటుపిమ్మట ప్రత్యేక న్యాయమండలులు ఏర్పడి, హత్యానేరాలపై పలువురు రైతాంగ కార్యకర్తలకు మరణదండన విధించాయి. వారిలో పన్నెండుగురి పక్షాన వాదించడానికి ప్రిట్ భారతదేశపు సుప్రీంకోర్టు ముందు నిలిచాడు. వకీలును పెట్టుకొనే అవకాశమే నిందితులకు సరిగా లభించలేదన్నది ఆ వాదంలోని ప్రధానాంశము. రాజ్యాంగం అమలులోకి రాకముందే హైదరాబాదు హైకోర్టు ఇచ్చిన తీర్పులపై అప్పీలు చెల్లదని 1950 డిసెంబరులో నిర్ణయమైంది. 1951 మార్చిలో రిట్ దరఖాస్తులు కూడ త్రోసివేయబడ్డాయి. చట్టం దృష్టిలో ప్రిట్ రెండుమార్లు ఓడాడు. కాని వాదోపవాదాలు సాగిన ఆ నెలలలోనే ఆ పన్నెండుగురి పేరు దేశదేశాలకు ప్రాకింది; విజ్ఞప్తులు వెల్లువెత్తాయి. చివరకు మరణదండనలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. వకీలు సంపాదించి పెట్టిన వ్యవధియే వారికి ఆయుస్సు అయింది.

మరుసటి సంవత్సరాంతాన, అరువదిఐదేండ్ల వయస్సులో, ప్రిట్ ఆఫ్రికాలోని కెన్యాకు వెళ్లాడు. అక్కడ తెల్లవారికి శాసనసభలో ఎన్నికైన ప్రతినిధులు ఉండగా, అసంఖ్యాకులైన ఆఫ్రికనులకు ఓటు లేదు; ప్రభుత్వం నియమించిన కొద్దిమంది సభ్యులే వారికి దిక్కు. జోమో కెన్యాట్టా, మరి అయిదుగురు మౌమౌ తిరుగుబాటును నడిపారన్నది అభియోగము. నైరోబీకి ఎంతో దూరాన ఉన్న కపెంగురియాలో విచారణ. నిందితుల పక్షాన భారతదేశం నుండి దివాన్ చమన్‌లాల్, నైజీరియా నుండి డేవిస్, జమైకాకు చెందిన డడ్లీ థాంప్సన్ వచ్చి చేరారు. ఇక్కడ న్యాయనిరాకరణ జరుగుతున్నదని లండనులోని సభ్యులకు తంతి పంపినందుకు ప్రిట్ మీదనే కోర్టు ధిక్కార నేరం మోపారు. అందులో ఆయన నిర్దోషిగా తేలాడు. 1953 ఏప్రిల్ 8న కెన్యాట్టాకు ఏడేండ్ల కఠినశిక్ష పడింది. అయిదేండ్లకు ప్రధాన సాక్షి తాను చెప్పినది అబద్ధమని ప్రమాణపత్రం వ్రాశాడు. 1957లో ఆఫ్రికనులకు ఓటు వచ్చినా, చదువును, ఆస్తిని బట్టి ఒకరికి మూడు ఓట్ల దాకా ఇచ్చిన తారతమ్యపు ఓటది. వయోజనులందరికీ ఓటు దక్కిన 1963లోనే ఎన్నికలలో గెలిచి కెన్యాట్టా ప్రధానమంత్రి అయ్యాడు.

ప్రిట్‌ను దోషరహితునిగా చిత్రించడం మా ఉద్దేశము కాదు. 1936 నాటి మాస్కో విచారణలను ఆయన న్యాయసమ్మతములని సమర్థించాడు. బలవంతపు ఒప్పుకోళ్లపై నడిచిన ఆ విచారణలలో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. లండను, నైరోబీ ప్రభుత్వాలను అడిగిన ప్రశ్నలనే తాను అభిమానించిన ప్రభుత్వాన్ని ఆయన అడుగలేదు. మనవారి కొక త్రాసు, పరాయివారి కొక త్రాసు ఉన్నచోట ఇన్సాఫ్ నిలువదన్న పాఠం ఆయన జీవితంలోని ఈ మచ్చ నుండియే మనం నేర్వవలసి ఉన్నది.

1972 మే 23న ప్రిట్ మరణించాడు. తెలంగాణ రైతుల కోసం వాదించి ఓడిన అంశము మాత్రం మరణించలేదు. పేద ముద్దాయికి ఉచిత న్యాయసహాయం అందించడం రాజ్యం బాధ్యత అని 1976లో రాజ్యాంగంలో 39-ఎ అధికరణం చేరింది. అది జీవించే హక్కులో భాగమని 1979లో సుప్రీంకోర్టు ప్రకటించింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ఆ సహాయాన్ని జిల్లా, తాలూకా స్థాయికి చేర్చింది. నేడు జనగామలోనో, మహబూబాబాదులోనో, భూపాలపల్లిలోనో ఒక కూలీ వకీలు కావాలని అడిగితే, అది భిక్ష కాదు, హక్కు. బందగీకి తీర్పు దక్కింది, రక్షణ దక్కలేదు. ఆ పన్నెండుగురికి తీర్పు దక్కలేదు, ప్రాణం దక్కింది. తీర్పూ రక్షణా రెండూ దక్కే రోజు కోసం మన కళాశాల విద్యార్థులలో కొందరైనా న్యాయశాస్త్రం చదువాలని మేము ఆకాంక్షిస్తున్నాము.