సహనంతోనే సంస్కరణ
సంఘంలో లోపం కనబడితే మనం నోరు మూసుకుంటాం, లేదంటే వేరుకుంపటి పెట్టుకుంటాం. ఈవ్ కాంగార్ ఈ రెండూ చేయలేదు. 1904లో ఫ్రాన్స్‌లోని సెడాన్‌లో పుట్టి, డొమినికన్ సభలో గురువయ్యారు. రెండవ ప్రపంచయుద్ధంలో ఐదేళ్లు జర్మన్ల చెరలో ఉన్నారు.

ఆధునిక చరిత్ర పరిశోధన వెలుగులో చర్చి గతాన్ని శోధించిన ఆయన, నిజమైన సంస్కరణ ఏదో, కానిదేదో వివరిస్తూ 1950లో పెద్ద గ్రంథం రాశారు. ప్రేమ, ఐక్యత, సహనం, మూలాలకు మళ్లడం, ఈ నాలుగూ ఉంటేనే అది సంస్కరణ అని అందులో తేల్చారు. రోమ్ పెద్దలకు అది నచ్చలేదు. పునర్ముద్రణకు, అనువాదాలకు అడ్డుపడ్డారు. 1954లో ఆయన్ను బోధన నుంచి తప్పించారు. ఆయన జెరూసలేముకు వెళ్లాల్సివచ్చింది. సహనం గురించి రాసిన వ్యక్తికే సహన పరీక్ష! ఆ వేదననంతా డైరీల్లో రాసుకున్నారు తప్ప చర్చిని విడవలేదు, కలం దించలేదు.

1960లో పోపు 23వ జాన్ ఆయన్ను మహాసభ సన్నాహాలకు పిలిచారు. 1962-65 రెండవ వాటికన్ మహాసభలో, చర్చి అంటే దేవుని ప్రజలని చాటిన పత్రంతో సహా పలు పత్రాల రచనలో ఆయన పాలుపంచుకున్నారు. 1994లో కార్డినల్ అయ్యారు, మరుసటి ఏడాది ప్రభువును చేరుకున్నారు.

సంఘాన్ని ప్రేమించేవారే దాన్ని సరిదిద్దగలరు. మన విమర్శలో ఆ ప్రేమ ఉందా?