చార్లెస్ బాబేజి

గణనయంత్రములు లేని కాలమున నావికులును ఖగోళశాస్త్రజ్ఞులును పెద్ద లెక్కలను అచ్చు పట్టికల సాయముతో చేసికొనెడివారు. ఆ పట్టికలను కట్టినవారు మనుష్యులే. అందలి ఒక్క అంకె తప్పినచో నడిసముద్రమున నావికుడు తానున్న చోటునే పొరపడును. ఓడ రాతితిప్పను తాకవచ్చును.

ఈ తప్పులతో జీవితాంతము పోరాడిన చార్లెస్ బాబేజి 1791 డిసెంబరు 26వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి బ్యాంకు వ్యాపారి. 1810లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరునాటికే అతడు గణితమును స్వయముగా చాలవరకు అభ్యసించియుండెను.

1821లో బాబేజియు, మిత్రుడగు జాన్ హెర్షెలును ఖగోళ పట్టికలను పరిశీలింప గూర్చుండిరి. ఇద్దరు గణకులు వేర్వేరుగా కట్టిన ఫలితములను అంకె కంకె సరిచూచుట వారి పని. తప్పుపై తప్పు బయటపడెను. విసిగిపోయిన బాబేజి, ఈ లెక్కలను ఆవిరియంత్రము చేసిన నెంత బాగుండునో యని తలపోసెను.

అతని ఉపాయము మీకును బోధపడును. 1, 4, 9, 16 అను వర్గములను తీసికొనుడు. వాని భేదములు 3, 5, 7. ఆ భేదముల భేదము ఎప్పుడును 2. కావున గుణకారముతో పనిలేక, కూడికలచేతనే వర్గముల నన్నిటిని రాబట్టవచ్చును. కూడుట పండ్లచక్రములకు సాధ్యమే. 1822లో బాబేజి ఒక చిన్న నమూనాను చేసి చూపెను. ప్రభుత్వము ధనసహాయమునకు అంగీకరించెను.

ఇంతలో అతడు 1 మొదలు 1,08,000 వరకు సంఖ్యలకు లాగరిథముల పట్టికను 1827లో ప్రకటించెను. పూర్వపు పట్టికలతో పలుమార్లు పోల్చి, అచ్చుచిత్తులను మరల మరల దిద్దించెను. ఏ రంగు కాగితముపై అంకెలు కంటికి స్పష్టముగా కనబడునో తెలిసికొనుటకు నూటయేబదికి పైగా రంగుల కాగితములపై అచ్చొత్తించి చూచెను! అంకెను తప్పుగా చదివినవాడు లెక్కను ఒప్పుగా చేసియు ప్రయోజన మేమి?

ఈ పనిలోనే ఒక వింత బయటపడెను. 1628లో హాలెండున వ్లాక్ అచ్చొత్తించిన పట్టికలోని ఆరు తప్పులు, ఒక చీనా పట్టికలోను ఉన్న చోటనే ఉండెను. చీనావారు స్వయముగా గణించియుండిన నట్లు జరుగునా? ప్రక్కవాని కాగితమును చూచి వ్రాయు విద్యార్థి తప్పుతో సహా వ్రాసి పట్టుబడుట ఉపాధ్యాయులకు క్రొత్త కాదు.

ఆ 1827వ సంవత్సరముననే తండ్రియు, భార్యయు, ఇద్దరు కుమారులును మరణించిరి. దుఃఖము నుండి తేరుకొని బాబేజి మరల యంత్రము పనికి పూనుకొనెను. కాని 1833లో ప్రధాన పనివానితో తగవు వచ్చి పని నిలిచిపోయెను. అప్పటికి ప్రభుత్వ ధనము పదునేడు వేల పౌనులు వ్యయమయ్యెను. 1842లో ప్రభుత్వము చేయి విడిచెను. తప్పంతయు ప్రభుత్వముదే యనుట న్యాయము కాదు. ఒకటి ముగియకుండగనే అంతకు మించిన మరియొక యంత్రమును తలపెట్టుట బాబేజి స్వభావము. 1834 నుండి అతడు రూపొందించిన విశ్లేషణయంత్రము ఏ లెక్కనైనను చేయదగినది. నేటి కంప్యూటరునకు పూర్వరూపము. అదియును కాగితముపైననే మిగిలెను.

1871 అక్టోబరు 18వ తేదీన బాబేజి మరణించెను. 1840 దశకము చివర అతడు గీచిన రెండవ భేదయంత్రపు చిత్రములను బట్టి లండను సైన్సు మ్యూజియమువారు 1991లో ఆ యంత్రమును నిర్మించిరి. చక్రములు తిరిగెను. ముప్పదియొక అంకెల ఫలితములు తప్పులేక వచ్చెను.