బాబీ జోన్స్

బాబీ జోన్స్ (మార్చి 17, 1902 - డిసెంబరు 18, 1971) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గోల్ఫ్ క్రీడాకారుడు. ఇతని పూర్తి పేరు రాబర్ట్ టైర్ జోన్స్ జూనియర్. ఆటను జీవనోపాధిగా స్వీకరించక, ఔత్సాహిక క్రీడాకారునిగానే ఉంటూ 13 ప్రధాన టోర్నమెంటులను గెలిచాడు. 1930లో ఆనాటి నాలుగు ప్రధాన టోర్నమెంటులనూ ఒకే సంవత్సరంలో గెలుచుకున్నాడు. బంతిని కొట్టడానికి క్లబ్బు అనబడే కర్రను వెనుకకు ఎత్తి ముందుకు తిప్పే కదలికను గోల్ఫ్‌లో స్వింగ్ అంటారు. జోన్స్ స్వింగ్ నిలకడకు, లయకు పేరుపొందినది. పాదముల, తుంటి కదలికలే ఆ నిలకడకు ఆధారము.

బాల్యము

జోన్స్ జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో జన్మించాడు. చిన్నతనంలో తరచు అనారోగ్యంతో బాధపడేవాడు. వీరి కుటుంబము వేసవికాలమును ఈస్ట్ లేక్ గోల్ఫ్ మైదానము సమీపంలో గడపసాగిన తరువాత ఇతనికి ఈ ఆటతో పరిచయము కలిగింది. అక్కడి శిక్షకుడు స్టివర్ట్ మెయిడెన్ స్కాట్లాండులోని కార్నూస్టీకి చెందినవాడు. జోన్స్ అతని వద్ద క్రమబద్ధమైన పాఠములు నేర్చుకోలేదు. అతని వెంట తిరుగుతూ, అతడు నిలబడే తీరును, కొట్టే తీరును చూసి అనుకరించాడు. ఆరేళ్ళ వయసులోనే పిల్లల పోటీలో గెలిచాడు. 1916లో, 14 ఏళ్ళ వయసులో, అమెరికా ఔత్సాహిక ఛాంపియన్‌షిప్పులో క్వార్టర్ ఫైనలుకు చేరాడు.

విద్య

జోన్స్ 1922లో జార్జియా టెక్ నుండి మెకానికల్ ఇంజనీరింగులోను, 1924లో హార్వర్డ్ నుండి ఆంగ్ల సాహిత్యములోను పట్టములు పొందాడు. 1924లోనే మేరీ రైస్ మలోన్‌ను వివాహమాడాడు. వీరికి ముగ్గురు సంతానము. తరువాత ఎమరీ విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రము చదువుతూ, చదువు పూర్తికాకముందే న్యాయవాద పరీక్షలో ఉత్తీర్ణుడై ఆ వృత్తిని చేపట్టాడు.

స్వింగులో పాదముల పాత్ర

ఆ కాలంలో క్లబ్బుల కాడలను హికరీ అనే చెట్టు కలపతో చేసేవారు. బలంగా, తొందరగా తిప్పితే ఈ కాడ మెలితిరుగుతుంది. అప్పుడు బంతిని తాకే ముఖము పక్కకు తిరిగి, బంతి దారి తప్పుతుంది. అందువలన చేతుల బలముపై కాక, శరీరము మొత్తము ఒక వరుసలో కదలడముపై ఆధారపడవలసి వచ్చేది.

జోన్స్ తన సమకాలికులలో చాలామంది కంటే పాదములను దగ్గరగా ఉంచి నిలబడేవాడు. పాదములు బాగా ఎడంగా ఉంటే శరీరము స్థిరంగా ఉంటుంది కాని తుంటి తిరగడము కష్టమవుతుంది. దగ్గరగా ఉంటే తుంటి సులభంగా తిరుగుతుంది కాని సమతూకము తప్పే ప్రమాదమున్నది. జోన్స్ రెండవ మార్గమును ఎంచుకుని, సమతూకమును పాదములతోనే కాపాడుకున్నాడు.

ఇతడు కుడిచేతి వాటము ఆటగాడు. క్లబ్బును వెనుకకు తీసుకువెళ్ళేటప్పుడు తుంటి కుడివైపుకు బాగా తిరిగేది. ఎడమ మోకాలు లోపలికి వంగి, ఎడమ మడమ నేలనుండి పైకి లేచేది. కిందికి వచ్చేటప్పుడు మొదట ఎడమ మడమ తిరిగి నేలను తాకేది, తుంటి ఎడమవైపుకు తిరిగేది, ఆ తరువాతే చేతులు వచ్చేవి. శరీర భారము ఎడమకాలిపైకి మారి, చివరకు కుడిపాదము వేళ్ళపై నిలిచేది. కదలిక ప్రతిసారీ కింది నుండే మొదలయ్యేది కనుక చేతులు తొందరపడే అవకాశము తగ్గేది.

క్రీడా జీవితము

మంచి స్వింగు ఉన్నప్పటికీ 1916 నుండి 1922 వరకు జోన్స్ ఒక్క ప్రధాన టోర్నమెంటును కూడా గెలవలేదు. ఇతని కోపమే ఇందుకు ముఖ్య కారణమని చెబుతారు. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో మూడవ రౌండులో ఆట సరిగా సాగక 11వ హోల్ వద్ద పోటీనుండి విరమించుకున్నాడు. క్రమంగా కోపమును అదుపులోకి తెచ్చుకున్న తరువాత 1923లో అమెరికా ఓపెన్ గెలిచాడు.

1925 అమెరికా ఓపెన్‌లో బంతి స్వల్పంగా కదిలిందని, ఇతరులెవరూ గమనించకపోయినా, తానే చెప్పి ఒక స్ట్రోక్ జరిమానా విధించుకున్నాడు. ఆ పోటీలో విల్లీ మక్‌ఫార్లేన్‌తో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు.

1923-1930 మధ్య గెలిచిన ప్రధాన టోర్నమెంటులు:
* అమెరికా ఓపెన్ - 4 (1923, 1926, 1929, 1930)
* బ్రిటిష్ ఓపెన్ - 3 (1926, 1927, 1930)
* అమెరికా ఔత్సాహిక ఛాంపియన్‌షిప్పు - 5 (1924, 1925, 1927, 1928, 1930)
* బ్రిటిష్ ఔత్సాహిక ఛాంపియన్‌షిప్పు - 1 (1930)

1930 విజయముల తరువాత, 28 ఏళ్ళ వయసులో, పోటీల నుండి విరమించాడు.

చలనచిత్రములు, అగస్టా

విరమణ తరువాత వార్నర్ బ్రదర్స్ సంస్థ కొరకు గోల్ఫ్ బోధించే లఘుచిత్రములలో నటించాడు. 1931లో 12, 1933లో 6 చిత్రములు వెలువడినాయి. 1933 నాటి వాటిలో ఒక చిత్రము పూర్తిగా తుంటి కదలికకే కేటాయించబడినది. వీటి వలన జోన్స్ పాదముల కదలికను తరువాతి తరములవారు చూసి తెలుసుకోగలుగుతున్నారు.

అలిస్టర్ మెకంజీతో కలిసి జార్జియాలోని అగస్టా నేషనల్ మైదానమునకు రూపకల్పన చేసాడు. మాస్టర్స్ టోర్నమెంటు అక్కడ 1934లో ప్రారంభమైనది. రెండవ ప్రపంచ యుద్ధములో అమెరికా సైన్యములో పనిచేసాడు.

అనారోగ్యము, మరణము

1948లో కాళ్ళలో బలహీనత, నొప్పి ఎక్కువై జోన్స్ ఆటను పూర్తిగా మానివేసాడు. రెండు శస్త్రచికిత్సలు జరిగినా గుణము కనిపించలేదు. ఇది సిరింగోమైలియా అనే వ్యాధి అని 1956లో నిర్ధారించారు. ఈ వ్యాధిలో వెన్నుపాములో ద్రవముతో నిండిన గుల్ల ఏర్పడి నరములను దెబ్బతీస్తుంది. పాదముల నేర్పుకు పేరుపొందిన ఇతడు మొదట చేతికర్రతో, తరువాత కాళ్ళకు ఊతపట్టీలతో నడిచి, చివరకు చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. అయినప్పటికీ గోల్ఫ్ గురించి రచనలు కొనసాగించాడు.

1958లో అమెరికా జట్టు కెప్టెనుగా సెయింట్ ఆండ్రూస్ వెళ్ళినపుడు ఆ పట్టణము ఇతనికి గౌరవ పౌరసత్వమునిచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తరువాత ఈ గౌరవము పొందిన రెండవ అమెరికన్ ఇతడే. 1921లో కోపముతో ఆట వదలివెళ్ళిన మైదానము కూడా ఆ పట్టణములోనిదే. జోన్స్ 1971లో అట్లాంటాలో మరణించాడు. అక్కడి ఓక్లాండ్ శ్మశానవాటికలో ఇతని సమాధి ఉన్నది.

ప్రభావము

ఉక్కు కాడలు వచ్చిన తరువాత ఎడమ మడమను నేలపైనే ఉంచి ఆడే పద్ధతి బాగా వ్యాపించినది. అయితే జోన్స్‌ను ఆదర్శంగా భావించిన జాక్ నిక్లస్ మడమను పైకెత్తే పద్ధతినే అనుసరించి 18 వృత్తి ప్రధాన టోర్నమెంటులను గెలిచాడు. మడమ లేచినా లేవకపోయినా, కిందికి వచ్చే కదలికను పాదముల నుండి, తుంటి నుండి మొదలుపెట్టాలన్న సూత్రమును నేటికీ శిక్షకులు బోధిస్తున్నారు. జోన్స్ పేరిట అమెరికా గోల్ఫ్ సంఘము 1955 నుండి క్రీడాస్ఫూర్తికి పురస్కారము ఇస్తున్నది. సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులోని 10వ హోల్‌కు ఇతని పేరు పెట్టారు.